కత్తెరల సొంతూరు

షెఫీల్డ్

అక్కయ్యకు నీ పద్మ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం, మీరంతా బాగున్నారనే అనుకుంటున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఫోనులో చెప్పొచ్చుగా, ఈ ఉత్తరమేమిటని అంటావు. ఫోనులో అయితే మీ మరిది పక్కన కూర్చుని పోనీలే, పోనీలే అంటూనే ఉంటారు. ఇది నేను పోనిచ్చే సంగతి కాదు. నిదానంగా చెప్పాలి, నువ్వు రెండుసార్లు చదువుకోవాలి.

ఇక్కడ వాన మామూలే. తిండికి లోటు లేదు, గోంగూర కూడా దొరుకుతోంది. తీరిగ్గా మాట్లాడే మనిషే దొరకడం లేదు. ఆయనకు ఆస్పత్రి కంప్యూటర్లు, అమ్మాయికి చదువు, నాకు ఫ్యాక్టరీ.

మేం తోట కత్తెరలు చేస్తామని నీకు తెలుసుగా. మా మేనేజరు గ్రాహం. నేను చేరిన రోజున మీదేవూరని అడిగాడు. ఇక్కడే, బస్సులో దగ్గరేనన్నాను. "కాదు, ఒరిజినల్లీ?" అన్నాడు. ఈ దేశం వచ్చాక నన్ను ఊరడిగిన మొదటి మనిషి అక్కా. పొంగిపోయాను. మాది తెనాలి, అమ్మ పుట్టిల్లు రేపల్లె, అత్తవారిది చీరాల వైపు అని వరసగా చెప్పి, మర్యాద కదా అని మీదేవూరని తిరిగి అడిగాను. క్యాంటీనంతా నవ్వింది. ఆ రోజునుంచి నా పేరు మిసెస్ ఒరిజినల్లీ. పద్మావతి అని ఒక్కసారి పిలిచిన పాపాన పోలేదు.

యూరప్‌కు వెళ్లే సరుకంతా నా చేతిమీదుగానే వెళ్లేది. ఆ విభాగానికి పెద్దను పెట్టాల్సి వచ్చినప్పుడు, కొనేవాళ్లకు ఇంగ్లిషు గొంతు వినిపించాలని చెప్పి ఆ కుర్చీలో గ్రాహం తనే కూర్చున్నాడు. బ్రెగ్జిట్ ఓటప్పుడు కోటుకు బ్యాడ్జి పెట్టుకుని తిరిగాడు. యూరప్ కూటమిలోంచి బయటికొచ్చేస్తే ఇక మనల్ని అడిగేవాడుండడని అందరికీ చెప్పాడు.

ఇప్పుడు అడగనివాడు లేడు. ఇటలీనుంచి వచ్చే పిడులు కాగితాల్లో ఒక్క అంకె తేడా వస్తే రేవులోనే ఉండిపోతున్నాయి. అవి వచ్చేదాకా మెషీన్లు ఖాళీ. ఇక మేం పంపే సరుకును ఊరడుగుతున్నారు. పెట్టెమీద షెఫీల్డ్ అని రాస్తే చాలదు, నిజంగా ఇక్కడ పుట్టిందేనా అని చూస్తారు. కాకపోతే అక్కడ కొనేవాళ్లు సుంకం కట్టాలి. మా బ్లేడ్లు ఎక్కడివనుకున్నావు? మన దేశంలో పోతపోసి పంపినవే. ఇక్కడ సానపట్టి, పిడి బిగించి, పేరు కొడతారు, అంతే.

పోయిన వారం మా అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు, హాలండ్ ఆవిడ, కంప్యూటర్లో మాట్లాడతానంది. దానికి ముందు గ్రాహం నా బల్ల దగ్గరికొచ్చాడు. ఎంత మెత్తగా మాట్లాడాడో చూడాలి. సరుకు పంపేది నేనే కాబట్టి, కత్తెరలు ఇక్కడ పుట్టినవేనని నేను సంతకం పెట్టాలట. పెడితే అబద్ధం నా పేరుమీద ఉంటుంది. పెట్టకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే ముందు ఎవరి ఉద్యోగం పోతుందో నాకు తెలియదా?

"నా పేరు మీకు రాదుగా గ్రాహం, మీదే రాయండి," అన్నాను.

ముఖం ఎర్రబడింది. రాయలేదు. రాసే ధైర్యం తనకీ లేదు.

తర్వాత మీటింగులో ఓనరు, గ్రాహం, నేను కూర్చున్నాం. ఆవిడ కత్తెర చేత్తో పట్టుకుని, ఇదెక్కడిదని అడిగింది. షెఫీల్డ్ అన్నాడు గ్రాహం. ఆవిడ నవ్వుతూనే, "కాదు, ఒరిజినల్లీ?" అంది.

దేవుడి మీద ఒట్టు, నేను చెప్పించలేదు. గ్రాహం నావైపు చూశాడు. అతన్ని ఆదుకునే జవాబులు నా దగ్గర రెండు మూడు ఉన్నాయి. నోరు విప్పలేదు. నాకు పట్టిన నవ్వును పళ్ల మధ్య బిగబట్టుకున్నాను. చివరికి, "ఇండియా," అన్నాడు.

ఆర్డరు పోయింది. అందరికీ పని వారానికి మూడు రోజులైంది, నాకూ అంతే. సానపట్టేవాళ్లు పాపం అని మీ మరిది అంటారు. వాళ్లూ ఆ రోజు క్యాంటీన్లో నవ్వినవాళ్లే. నీకేం ఒరిగిందని కూడా ఆయన అడిగారు. కడుపు చల్లబడిందన్నాను. అమ్మాయి విని, "మమ్, దట్స్ సావేజ్," అంది. క్రూరమని అర్థం, కానీ ఇక్కడి పిల్లల్లో అది మెచ్చుకునే మాటేనట. నువ్వు తిట్టినా సరే, మళ్లీ అడిగినా మళ్లీ నోరు విప్పను.

ఇప్పుడు గ్రాహం నన్ను పద్మావతి అని పిలుస్తున్నాడు. ఒత్తులు కూడా సరిగ్గా పలుకుతున్నాడు, ఇంట్లో సాధన చేశాడేమో. రెండోసారి పిలిచేదాకా నేను తలెత్తను.

వచ్చేవాళ్లెవరైనా ఉంటే చిన్న కత్తిపీట ఒకటి పంపు. ఇన్ని కత్తెరల మధ్య బతుకుతూ గోంగూర కాడలు చేత్తోనే తుంచుకుంటున్నాను. నా ఉద్యోగం గురించి దిగులు పడకు, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. అత్తయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. బావగారూ నువ్వూ మమ్మల్ని చల్లగా దీవించండి.

నీ చెల్లెలు,
పద్మావతి,
తెనాలి