ఉప్పుని బయటికి పంపేను

టీచరుగారూ,

మీరు పోయి నేటికి ఏడాదండి. ఇవాళ కాకినాడ ల్యాబులో జరిగింది మీకు కాక ఇంకెవరికి చెప్పను?

మన సూరిబాబు వచ్చేడు. క్లాసులో ఎవర్నీ నోరెత్తనివ్వని సూరిబాబే. అల్లవరం దగ్గర వాళ్ల బావి నీళ్లు సీసాలో తెచ్చేడు. వాళ్ల చంటిపాప పెదాలు నీలంగా మారుతున్నాయట. "ఉప్పునీళ్లేగా, అందరం తాగి పెరిగినవే" అంటాడు.

పశువుల పాక పక్క బావి అనగానే నాకు నైట్రైట్ మీద అనుమానం వచ్చింది, పేడా మూత్రం ఇంకిన నీళ్లలో చేరి పసిపిల్లల్ని నీలంగా మార్చే విషం అది. మా క్రొమటోగ్రాఫ్ నీళ్లలో కలిసున్నవాటిని విడదీసి ఒక్కోదానికీ ఒక గీత గీస్తుంది. కానీ ఉప్పు గీత తాటిచెట్టంత లేచి, పక్కనుండాల్సిన నైట్రైట్ గీతని మింగేసింది.

అప్పుడు మీరు గుర్తొచ్చేరు. ప్రశ్న అడిగి, సూరిబాబుని కుండలోకి నీళ్లు తెమ్మని పంపేసేవారు. వాడు గడప దాటాక వెనక బెంచీలో ఉన్న నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పవే పిల్లా" అనేవారు. నాకూ ఒక గొంతుందని ముందు కనిపెట్టింది మీరే.

నేనూ అదే చేసేను. వెండి పట్టించిన రెజిన్ పూసల గుండా ఆ నీళ్లు పోస్తే ఉప్పు అక్కడే చిక్కుకుపోయింది. మళ్లీ క్రొమటోగ్రాఫ్‌లో నడిపితే నైట్రైట్ చిన్న గీత విడిగా లేచి నిలబడింది.

"ఆ నీళ్లు పాపకి పట్టొద్దు. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లు" అన్నాను.

సూరిబాబు "ఆయ్" అని లేచేడు.

ల్యాబులో ఇప్పుడు చప్పుడు లేదండి. మీరు అడిగితే చెబుదామని ఇంకా కూర్చునే ఉన్నాను.