కొలత తీయని కడ్డీ

మార్చి 9, సోమవారం

చిరంజీవి పెద్దవాడికి,

అమ్మ దీవెనలు. కోపంలో ఉన్నా దీవెనలకు లోటు చేయను, ముందు అవి తీసుకో. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని మీ నాన్న రాయబోతే నేనే ఆపాను. క్షేమమో కాదో చదివాక నువ్వే తేల్చుకో.

అక్షరాలు మీ నాన్నవి, మాటలు నావి. కత్తెర ఆడించీ ఆడించీ నా కుడి భుజం పట్టేసింది, పెన్ను కూడా పట్టనివ్వడం లేదు. అందుకని నేను చెబుతుంటే ఆయన రాస్తున్నారు. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానమ్మా అంటావు. కాగితం దగ్గర ఆ సాకు చెల్లదు కదా.

సంగతి మీ నాన్న పట్టుకుని లేవడానికని నువ్వు బాత్రూములో అంటించి వెళ్ళిన కడ్డీల గురించి. అంటించి అనే అంటున్నాను, బిగించి అనడానికి నోరు రావడం లేదు. ఒకటో తారీకు ఆదివారం డబ్బా చంకలో పెట్టుకుని వచ్చావు. రబ్బరు గిన్నెలు గోడకి నొక్కావు, మీటలు తిప్పావు, పట్టుకుని ఓసారి ఊగావు. ఫోటో తీసి చుట్టాలందరికీ పంపావు. నేనిచ్చిన కాఫీ చల్లారకముందే నీ పితృసేవ పూర్తయింది. కొడుకంటే నీలా ఉండాలని మీ మేనత్త నాకు ఫోన్ చేసి మరీ మురిసిపోయింది.

మర్నాడు మీ నాన్నని స్నానానికి పంపేముందు, ఎందుకైనా మంచిదని నేనొకసారి లాగి చూశాను. కడ్డీ ఫట్‌మని చేతిలోకి వచ్చేసింది. గట్టిగా కూడా లాగలేదు, తలుపు గొళ్ళెం లాగినట్టు లాగానంతే. ఆయన చూస్తే మోకాలి ఆపరేషన్ అయిన మనిషి. మిగతా చోట్ల కుర్చీనో గోడనో పట్టుకుని ఎలాగో లేస్తారు, తడి నేల మీద ఆ స్నానం స్టూలు దగ్గరే కష్టం. ఆ కడ్డీని నమ్మి బరువంతా వేసి ఉంటే ఏమయ్యేది? నీ ఫోటోకి బొటనవేలు చూపించిన వాళ్ళలో ఎవరొచ్చి లేపేవాళ్ళు?

కడ్డీలు అమ్మిన కొట్టువాడికి ఫోన్ చేశాను. గోడ తడిగా ఉంటే పట్టు నిలవదండీ, పొడిగా ఉంచుకోండి అన్నాడు. స్నానాల గదిలో తడి ఉండకూడదట. అయితే స్నానం వంటింట్లో చేయించమంటావా నాయనా అని అడిగి పెట్టేశాను.

సరే, వస్తువు నాసిరకమే అనుకుందాం. పెట్టిన చోటు మాటేమిటి? నువ్వు నిలబడి, నువ్వు చెయ్యి చాచి, నీకు అందిన చోట పెట్టావు. మీ నాన్న తల నీ భుజం దాకా వస్తుంది. చిన్నప్పుడు నా మిషన్ పక్కన కూర్చునే పాఠాలు చదివావు. మనిషిని ఎదురుగా నిలబెట్టకుండా నేను ఒక్క చొక్కా అయినా కత్తిరించానా? అన్న కొలతతో తమ్ముడికి కుట్టేయండి అన్నవాళ్ళకి గుడ్డ తిరిగి ఇచ్చేసేదాన్ని. అలాంటి దాని కడుపున పుట్టి నీ కొలతతో మీ నాన్నకి కడ్డీ పెడతావా? కూర్చుని లేచే మనిషికి, నిలబడ్డ మనిషి కొలత ఎందుకు పనికొస్తుంది?

ఆయనా తక్కువ తినలేదు. (రాయండి, ఆపారేం?) బస్సు నడిపినన్నాళ్ళూ నిలబడ్డవాళ్ళ మీద కడ్డీ పట్టుకోండి, కడ్డీ పట్టుకోండి అని అరిచిన మనిషి. ఇప్పుడు తనుండే ఇంట్లో కడ్డీ పెడితే ఆస్పత్రిలా ఉంటుందట, చూసేవాళ్ళు ఏమనుకుంటారట. మన బాత్రూము చూడటానికి ఎవరొస్తున్నారో నాకైతే తెలియదు.

అందుకే నిన్న నేనే కొలత తీద్దామని పూనుకున్నాను. నేల పొడిగా తుడిచి, బట్టలతోనే ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, దూరంగా నిలబడి, లేవమన్నాను. చెయ్యి గోడ మీద ఎక్కడ ఆనితే అక్కడ నా సుద్దతో గీత గీద్దామని. ఆ చెయ్యి గోడ వైపు పోతేగా! ఎన్నిసార్లు లేవమన్నా గాల్లోకే చాచారు. చివరికి విసుగొచ్చి సుద్ద అక్కడే పడేశాను. ఇంత మొండి మనిషి ఇన్నేళ్ళలో నా దుకాణం గుమ్మం ఎక్కలేదు.

ఇక నువ్వు చేయాల్సింది విను. స్క్రూలతో బిగించే కడ్డీ పట్టుకురా. టైల్స్ పగలకుండా డ్రిల్లింగ్ చేయగలిగిన మనిషిని వెంటబెట్టుకురా. వంటింటి వైపు గోడ వట్టి బోర్డు, తడితే డబ్బాలా మోగుతుంది. దానికి బిగిస్తే గోడతో సహా ఊడి వస్తుంది. కిటికీ వైపుది ఇటుక గోడ. కడ్డీ అద్దంలా మెరవక్కర్లేదు, సబ్బు చేతికి జారకుండా గరుకుగా ఉంటే చాలు. ఇంటి ఓనరు ఒప్పుకోడేమో అనకు, నేను అడిగాను, ఒప్పుకున్నాడు. ఫోటో మాత్రం తీయకు.

కోడలిని అడిగానని చెప్పు. తన మీద నాకేం కోపం లేదు, ఉన్నదంతా నీకే.

ఇట్లు,
మీ అమ్మ

తా.క.: ఇది మీ అమ్మ చెప్పింది కాదు. పొయ్యి మీద పాలు చూడటానికి వెళ్ళింది, ఈలోగా నేను రాస్తున్నాను.

ఆవిడ భుజం కత్తెర వల్ల పాడవలేదురా. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినప్పటి నుంచి రోజూ స్నానం అయ్యాక ఆవిడ నా ముందు వంగుతుంది, నేను ఆ భుజం పట్టుకుని లేస్తాను. నా బరువు పడగానే పళ్ళు బిగబట్టడం తెలుస్తూనే ఉంది. అడిగితే కత్తెర అంటుంది. నేనూ కాదనకుండా ఊరుకుంటున్నాను. కత్తిరించాల్సిన గుడ్డలు మిషన్ పక్కన అలాగే పడి ఉన్నాయి.

నిన్న నా చెయ్యి గాల్లోకి పోలేదు. రోజూ ఆవిడ భుజం ఉండే చోటికే పోయింది. ఆవిడ దూరంగా నిలబడింది కాబట్టి అక్కడ గాలి తగిలింది. అది ఆవిడకీ అర్థమైంది, అందుకే సుద్ద పడేసింది.

ఆస్పత్రిలా ఉంటుందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇవాళ పొద్దున నన్ను లేపడానికి వంగినప్పుడు ఆవిడ భుజం ఎంత ఎత్తులో ఉందో చూసుకున్నాను. తర్వాత ఆ సుద్దతోనే కిటికీ వైపు గోడ మీద, అంత ఎత్తులో గీత గీశాను. కడ్డీ అక్కడ బిగించు. ఆదివారం దాకా ఆగకు, ఉత్తరం అందిన రోజే రా.

నువ్వు వచ్చేదాకా నేను స్నానం చేయను. నీళ్ళు పడితే గీత చెరిగిపోతుందని మీ అమ్మతో చెబుతాను.