పిక్క పట్టిన చోటు

ఆదోని, మంగళవారం, 1956

కాలి రక్తనాళం పూడుకుపోయిందట. బీడీలు మాని, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్ళీ నడవమన్నాడు డాక్టరు. రోజూ గ్రంథాలయానికి పోతూ, పిక్క పట్టేసినప్పుడు గోడ మీది సినిమా పోస్టరు చదువుతున్నట్టు నిలబడతాను. ముసలాడికి సినిమా పిచ్చి అని ఊరు నవ్వినా సరే, కుంటివాడు అనకూడదు.

నిన్నటిదాకా జిన్నింగు మిల్లు వరకూ ఆగకుండా పోయేవాణ్ణి. ఈరోజు రుద్రప్ప ఇంటి ముందే పట్టేసింది. గోనెగండ్ల చేనులో నా భార్య వాటా మింగిన బావమరిది వాడు. పదకొండేళ్ళుగా మాటల్లేవు. వాడి గోడ మీద పోస్టరూ లేదు.

అరుగు మీద నుంచే అడిగినాడు: "ఏం బావా, సున్నం చదువుతాండావా?"

పళ్ళు బిగించి కదిలాను. నాలుగడుగులకే కాలు మొరాయించింది. వాడు స్టూలు మోసుకుంటూ వెనకే వచ్చినాడు.

"కూసోనే కోపం సేసుకో బావా. నేనేం అడ్డమా?"

కూర్చున్నాను. వాడి అక్క చనిపోయిన రోజు కూడా వాణ్ణి నా గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు వాడి స్టూలు మీద కూర్చున్నందుకు సిగ్గు రావాలి, రాలేదు. నొప్పి తగ్గాక కూడా కాసేపు అక్కడే కూర్చున్నాను.

రేపు వేరే సందులో పోవచ్చు. కానీ అది చుట్టుదారి. అంత దూరం నడవలేను.