తిరగేసి పేర్చిన నక్షత్రం

నవంబర్ 4, సోమవారం

మా మేస్త్రీ, మాలెం జిలాలీ, ఈ రోజు సలాం కూడా చెప్పకుండా లోపలికొచ్చాడు. పదకొండింటికల్లా నా సుత్తి కింద ఇరవై టైలు ముక్కలు పగిలాయి. మామూలుగా నాలుగో ఐదో పోతాయి. పక్కన కూర్చుని కోసే రద్వాన్‌ది ఇంకా ఘోరం. ఈ పనిలో చెయ్యి వదులుగా ఉండాలి. వెనక నిలబడి ఆయన బుసలు కొడుతుంటే ఎవడి చెయ్యి వదులుగా ఉంటుంది? మన ఫెస్ ఊరి సందుల్లో గాడిదలు కూడా మీకంటే నాజూగ్గా అడుగేస్తాయిరా అని అరిచాడు. గాడిదల నెత్తిన మీలాంటి మేస్త్రీ ఉండడు కదా అనాలనిపించింది. అనలేదు. పళ్లు నూరుకున్నాను.

నవంబర్ 5, మంగళవారం

ఫౌంటెన్ కోసం చేస్తున్న ఈ టైలు పలక తేడా లేకుండా లేస్తే నన్ను కోత నుంచి పేర్చే పనికి మారుస్తానని నెల కిందట మాలెం మాటిచ్చాడు. మా నాన్న బస్సు కండక్టరు. నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. మసీదు గోడల ముందు నిలబడి నోటుబుక్కులో గీసుకుని నేర్చుకున్నాను. ఇది పోతే ఇంకోసారి ఎవరూ పిలవరు.

నవంబర్ 6, బుధవారం

మా ముసలి పేర్పరి మక్కీ పలక పేరుస్తున్నాడు. ముక్కల రంగు వైపు కిందికి, మట్టి వైపు పైకి. పైనుంచి చూస్తే అన్నీ ఒకే మట్టి. ఏది ఏ రంగో పేర్చినవాడికే గుర్తుండాలి. మాలెం ఫోన్‌లో ఎవరినో తిడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. మక్కీ చెయ్యి తడబడి, నడిమి నక్షత్రంలో నలుపు పెట్టాల్సిన చోట ఆకుపచ్చ ముక్క పెట్టాడు. బోర్లించేలోపే ఆ రంగు నేను చూశాను. రద్వాన్ టక్కున తల దించుకున్నాడు. వాడూ చూశాడు.

నోరు తెరవబోయాను. ఏంట్రా నౌఫల్, అప్పుడే పెద్ద పేర్పరివైపోయావా, నీ సుత్తి నువ్వు చూసుకో అన్నాడు మాలెం. చూసుకున్నాను.

నవంబర్ 7, గురువారం, ఉదయం 6

ఇవాళ ముక్కల మీద సిమెంటు పోస్తారు. పోస్తే ఇక కదలదు. ఆయన మూడ్ ఎలా ఉన్నా సరే, చెప్పేస్తాను.

అదే రోజు, సాయంత్రం

చెప్పలేదు.

ఆయన నవ్వుతూ వచ్చాడు! పీచుకి గుచ్చిన వేడి స్ఫెంజ్ గారెల దండ చేతిలో ఊపుకుంటూ. కూతురికి కాన్పు కష్టమైందట, నిన్న రాత్రి గట్టెక్కిందట, మగపిల్లాడట. ఈ వారమంతా మమ్మల్ని కాల్చుకు తిన్నది అందుకా? ఒక్క ముక్క చెబితే ఏం పోయింది? తాతవైపోయావు, పళ్లూడాక ఎలా అరుస్తావో చూస్తాంలే అన్నాడు మక్కీ. అందరూ పడీ పడీ నవ్వారు. రోజంతా కలిపి నావి రెండే పగిలాయి. ఆ నవ్వు చెడగొట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆయన చిరాగ్గా ఉంటే భయం, సంతోషంగా ఉంటే మొహమాటం. థూ. నా కళ్ల ముందే సిమెంటు పోశారు.

నవంబర్ 8, శుక్రవారం

అమ్మ కుస్కుస్ వండింది. మట్టి తిన్నట్టుంది.

నవంబర్ 11, సోమవారం

సిమెంటు గట్టిపడింది, పలక లేపి తిప్పాం. నక్షత్రం నడుమ ఆకుపచ్చ.

మాలెం వంగి ఆ ముక్కను వేలితో తడిమాడు. ఎవరికి తెలుసు అని అడిగాడు. నాకు తెలుసు, బుధవారం నుంచి అన్నాను. ఎందుకు చెప్పలేదురా అన్నాడు. మీ మొహం చూసి అన్నాను. నాకూ తెలుసన్నాడు రద్వాన్. పెట్టిన గంటకే నాకు అనుమానం వచ్చింది జిలాలీ, నీతో మాట పడే ఓపిక లేక ఊరుకున్నాను అన్నాడు మక్కీ.

అంటే నాకొక్కడికే తెలీదన్నమాట అన్నాడు మాలెం. అరవలేదు. అరిస్తే బాగుండేది.

తర్వాత తన ఉలి నా చేతిలో పెట్టాడు. తియ్యమన్నాడు. నక్షత్రం చీలిపోతే అన్నాను. చీలితే మళ్లీ పేరుద్దాం, నేనిక్కడుంటే నీ చెయ్యి వణుకుతుంది అని చెప్పి బయటికెళ్లి సందులో నిలబడ్డాడు. గంటన్నర పట్టింది. ఆకుపచ్చ ఊడింది. చుట్టూ వెంట్రుకంత బీట కూడా లేదు. నలుపు అతికించి, ఇక రండి మాలెం అని కేకేశాను.

నవంబర్ 12, మంగళవారం

మాలెం మాటిచ్చినట్టే, ఇవాళ మక్కీ పక్కన, పేర్చే చాప మీద కూర్చున్నాను. మాలెం గుమ్మంలోనే ఆగిపోయి, నా మొహం ఎలా ఉందో చెప్పండిరా అన్నాడు. ఎవరూ తలెత్తలేదు. బాలేదు అన్నాను. వెళ్లి సందు చుట్టొచ్చాడు. ఇప్పుడో అన్నాడు. ఇంకో చుట్టు అన్నాను.

వెళ్లాడు.