బెజవాడ ఆటకు నేనే పంపాను

కోరుట్ల,
10 ఫిబ్రవరి 1969

మనవడు సామేలుకు,

నీ నాయనమ్మ దీవెనలు. ఉత్తరం మీద తేదీ వేయలేదు. తపాలా ముద్ర చూసి నాలుగో తారీఖున రాశావని తెలుసుకున్నాను. ఇకముందు వేయి.

మిల్లు జట్టుతో బెజవాడ పోటీలకు పోనని రాశావు. తెలంగాణ ఉద్యమం నడుస్తుండగా అక్కడికి పోయి ఆడటానికి మనసు ఒప్పడం లేదన్నావు. ఉద్యమం తప్పని నేననను. నేను పాఠాలు చెప్పిన బడి కూడా మూతపడింది. పిల్లలు ఊరేగింపుల్లో ఉన్నారు, వాళ్ళ కోపంలో న్యాయముంది. కానీ నువ్వు జీతగాడివి. మిల్లు వాళ్ళు నిన్ను నూలు వడకడానికి పెట్టుకోలేదు, వాలీబాల్ ఆడటానికి పెట్టుకున్నారు.

మీ తాత నర్సన్న సంగతి నీకు చెప్పాను. బీర్పూర్ దగ్గర దొర కచ్చడం బండి ముందు దారి చెబుతూ పరుగెత్తేవాడు. అది వెట్టి. ఎద్దులు అలిస్తే ఆపి నీళ్ళు పెట్టేవారు, ఆయనకు అదీ లేదు. మీ నాయన సాంబయ్య సిరిసిల్లలో మగ్గాల దగ్గర కూలి చేస్తూ, తెగిన నూలు పేని వల అల్లి తెచ్చాడు. ఆ వల దగ్గరే నువ్వు ఎగరడం నేర్చావు. మీసం రాకముందే రుద్రంగి వాళ్ళు, గంభీరావుపేట వాళ్ళు నిన్ను కిరాయికి పిలుచుకుపోయి ఆడించుకున్నారు. గెలిపిస్తే భుజాలకెత్తుకున్నవాళ్ళే, భోజనాల వేళ నీ విస్తరి అరుగు కింద వేశారు. అది నువ్వు నాకు చెప్పలేదు, మంది చెబితే విన్నాను. ఇప్పుడు హైదరాబాదులో అందరితో ఒకే బల్ల మీద తింటున్నావు. మన వంశంలో కాళ్ళ సత్తువకు నెలనెలా జీతం పుచ్చుకున్న మొదటి మనిషివి నువ్వు.

పని ఒప్పుకున్నవాడు పని చేయాలి. బెజవాడకు పో. ఇది నా మాట.

నీ నాయనమ్మ,
రాజక్క


కోరుట్ల,
16 మార్చి 1969

నాయనా సామేలూ,

నిన్న మధ్యాహ్నం మీ జట్టు లతీఫ్ వచ్చాడు. మన ఊరి పిల్లగాడే కదా, నీ క్షేమం చెప్పడానికి వచ్చాడనుకొని చాయ పెట్టాను. కప్పు పట్టుకొని తాగకుండా కూర్చున్నాడు. అడగగా అడగగా చెప్పాడు. బెజవాడలో రెండో ఆటలో నువ్వు బంతికి ఎగిరి, కింద పడి మళ్ళీ లేవలేదట. ఇప్పుడు హైదరాబాదు దవాఖానలో ఉన్నావట. ఇక ఆట సంగతి మరిచిపొమ్మని డాక్టరు అన్నాడట. ఒక్క ఆటలో అంత ఎట్లా జరుగుతుందని గద్దించి అడిగాను.

"ఒక్క ఆటల కాదవ్వా. మోకాలు నిరుడు వానకాలమే పోయింది" అన్నాడు. "ఓ నెల ఎగురకుంటే నయమైతదని డాక్టరు చెప్పిండు. మోకాలని చెప్తే మిల్లోళ్ళు తీసేస్తరు. తెలంగాణ కోసం ఆడనంటే ఎవడేమంటడు? గందుకే గట్ల రాసిండు."

నాకైనా నిజం రాయవలసింది కదా అన్నాను. లతీఫ్ కప్పు కింద పెట్టాడు.

"నీకు రాస్తే నువ్వు మిల్లోళ్ళకు రాస్తవని భయపడ్డడు. బడిల ఉన్నప్పుడు వయసు తక్కువ చెప్పి ఆడుతుండని నువ్వే పోయి హెడ్మాస్టరుకు చెప్తివి. నువ్వు అబద్ధం ఓర్వవు గదవ్వా."

నిజమే. రాసేదాన్ని.

వాడు పోయాక మొన్నటి క్రిస్మస్ గుర్తొచ్చింది. ప్రార్థనకు అందరం మోకరించాం, నువ్వొక్కడివే గోడకానుకొని నిలబడ్డావు. పట్నం గర్వం దేవుడి ముందు కూడానా అని సంఘం పెద్దలు వింటుండగా కసిరాను. నువ్వు మోకరించావు. నీకు బుద్ధి రావాలని ఆ రోజు ప్రార్థన కావాలనే పొడిగించాను. నీ ముఖం నిండా చెమట చూసి, పశ్చాత్తాపం అనుకున్నాను. సంతోషపడ్డాను కూడా.

ఇంకొకటి చెప్పాలి. నిన్న సాయంత్రమే ఉద్యమం పిల్లలు మన ఇంటి ముందుకు వచ్చారు. ముందు నిలబడ్డది ప్రేమ్‌సాగర్, నా దగ్గర ఎక్కాలు నేర్చినవాడు. నువ్వు బెజవాడలో ఆడిన కబురు వాళ్ళకు అందింది.

"టీచరమ్మా, ఈడ మనోళ్ళు లాఠీ దెబ్బలు తింటుంటే మీ సామేలు ఆడికి వోయి ఆడిండు. ఇగ గీ ఊర్ల అడుగు వెట్టనియ్యం" అన్నాడు. అప్పటికే వెనుక ఒకడు మన గోడ మీద సున్నంతో నీ పేరు రాయడం మొదలుపెట్టాడు.

మిల్లు నిన్ను ఇక ఉంచుకోదు. కుంటికాలితో నువ్వు వచ్చి చేరడానికి ఈ ఊరు ఒక్కటే ఉంది. అది కూడా లేకపోతే ఎక్కడికి పోతావు?

"సామేలు తెలంగాణ కోసం పోనన్నడు. ఆడితే మనోళ్ళ మొఖం ఎట్ల చూడాలె అన్నడు. జీతం పోతదని నేనే బలిమిన పంపిన. గోడ మీద రాసేదుంటే నా పేరు రాయుండ్రి" అన్నాను.

ప్రేమ్‌సాగర్ చెయ్యెత్తి గోడ మీద రాసేవాణ్ణి ఆపాడు. రాజక్క టీచరు అబద్ధమాడదని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. నమ్మాడు. నీ పేరు చెరిపించాడు. కాసేపు గుసగుసలాడుకొని నా పేరు రాశారు, పక్కన ద్రోహి అని కూడా. నేను నేర్పిన అక్షరాలే, గుండ్రంగా వచ్చాయి. పోతూ ఎవ్వరూ నాకు నమస్తే పెట్టలేదు.

లతీఫ్ నిన్ను వెంటబెట్టుకొని వస్తానన్నాడు. డాక్టరు పంపగానే బయలుదేరు. ఊళ్ళో ఎవరడిగినా ఇదే చెప్పు: తెలంగాణ కోసం పోనన్నాను, నాయనమ్మ వినలేదు. రెండో సగం నిజమే.

ఈ రోజు ఆదివారం. చర్చిలో తప్పులు ఒప్పుకునే వేళ, నీ పట్ల నేను చేసినవన్నీ ఒక్కొక్కటిగా దేవుడికి చెప్పుకున్నాను. ఆ పిల్లలకు చెప్పిన అబద్ధం సంగతి మాత్రం ఎత్తలేదు.

నీ నాయనమ్మ,
రాజక్క