డెబ్బై రెండు కిలోలు

బుధవారం, మధ్యాహ్నం

ప్రియమైన అక్కకు,

ఫోన్ చేయకుండా ఈ కాగితాలేమిటని విసుక్కుంటావని తెలుసు. ఇంట్లో మాట్లాడితే కింది అంతస్తు దాకా వినిపిస్తుంది. అందుకే జిమ్‌లో, బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అవును, జిమ్మే. నవ్వుకో, పరవాలేదు. గాలొస్తే ఎగిరిపోతానని నన్ను చిన్నప్పుడే పిచ్చుకను చేసినదానివి, నేను ఇనుప కడ్డీ ఎత్తుతున్నానంటే నవ్వక ఏం చేస్తావు?

మా టైలరింగ్ షాపుకు ఎదురుగానే ఉంది. భోజనాల వేళ ఖాళీగా ఉంటుంది. నేర్పేది ఒక పెద్దావిడ. ఒకప్పుడు పోటీల్లో బరువులు ఎత్తిందట, అందరూ కోచమ్మ అంటారు. మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసి, తగ్గించుకోవడానికి నీ ఒంట్లో ఏముందమ్మా అంది. తగ్గడానికి రాలేదు, డెబ్బై రెండు కిలోలు ఎత్తాలి అన్నాను.

"ఇనుమా, మనిషా?" అంది.

"మనిషి."

ఖాళీ కడ్డీ చేతికిచ్చి, "నడుముతో కాదు, కాళ్ళతో లే" అంది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. కండ పెరిగేది ఎత్తినప్పుడు కాదట, పడుకున్నప్పుడట. వారానికి రెండున్నర కిలోలకు మించి పెంచనివ్వదు. ఆవిడ చెప్పిందల్లా, ఎత్తిందల్లా ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ముప్పై అయిదుకు వచ్చాను. ఆ పుస్తకాన్ని మీ మరిది మంచం పక్కన మందుల డబ్బా కింద దాస్తున్నాను. ఇంట్లో బావగారు చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

ఆ డెబ్బై రెండు ఎవరి బరువో నీకు అర్థమయ్యే ఉంటుంది. రెండేళ్ళ కిందట బోర్డులు రాస్తూ నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి ఆయనకు నడుము కింద స్పర్శ లేదు. బాత్‌రూమ్ తలుపు ఇరుకు, చక్రాల కుర్చీ పట్టదు. పొద్దున, సాయంత్రం ఎవరో ఒకరు ఎత్తుకుని పదకొండు అడుగులు నడవాలి. ఆ పని చేసేది కింది వాటాలో ఉండే ఆయన అన్నయ్య. బావగారిది సామాన్లు తరలించే పని కదా, తమ్ముణ్ణి దిండు ఎత్తినట్టు ఎత్తేస్తారు. అలాంటి బావగారు దొరకడం నీ అదృష్టమే అని పోయినసారి నువ్వన్నావు. ఆ మాటకు నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను అక్కా.

ఆయన్ని లోపల కూర్చోబెట్టి వచ్చి, "నేను లేకపోతే మీరిద్దరూ ఏమైపోతారు?" అంటూ బావగారు నా వీపు మీద చెయ్యి వేస్తారు. వేసిన చెయ్యి తియ్యరు. తోటికోడలు చెప్పాపెట్టకుండా ఎందుకు వెళ్ళిపోయిందో నాకిప్పుడు తెలుస్తోంది. ఒకరోజు ఆ చెయ్యి తోసేశాను. కోప్పడలేదు, నవ్వి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. నేనే ఎత్తబోయాను, ఇద్దరం కింద పడ్డాం. ఎలాగో దుప్పటితో లాగి మంచం మీదకు చేర్చాను గానీ, మనిషి తడి పక్క మీదే ఉండిపోయాడు, నా వైపు చూడకుండా గోడకేసి చూస్తూ. చివరికి నేనే కిందికి వెళ్ళి బావగారిని పిలిచాను. వింటున్నావా అక్కా, నేనే వెళ్ళి పిలిచాను.

నీ
పిచ్చుక


శుక్రవారం, మధ్యాహ్నం

అక్కా,

నీ ఉత్తరం షాపు అడ్రసుకు అందింది. ఇద్దరూ వచ్చెయ్యండి అన్నావు. మూడంతస్తుల మెట్లు దిగాలంటే మళ్ళీ ఆ చేతులే కావాలి. సాయానికి మనిషిని పెట్టుకోమన్నావు. పెట్టాను. వారం తిరక్కుండానే బావగారు మెట్ల దగ్గర అతన్ని నిలబెట్టి ఏదో మాట్లాడారు. మర్నాటి నుంచి అతను ఫోన్ కూడా ఎత్తలేదు.

ఈ ఆరు వారాల్లో యాభైకి వచ్చాను. కడ్డీకి పట్టు ఉంటుంది, మనిషికి ఉండదని కోచమ్మ ఒక సంచిలో ఇసుక నింపించింది. దాన్ని గుండెలకు హత్తుకుని లేచి పదకొండు అడుగులు, మళ్ళీ వెనక్కి పదకొండు. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. జాకెట్లన్నీ భుజాల దగ్గర బిగిసిపోయి కుట్లు విప్పుకోవాల్సి వచ్చింది. అది బావగారూ చూశారు. మొన్న నా జబ్బ పట్టుకుని, "గట్టిపడ్డావే, షాపులో ఏం మోయిస్తున్నారు?" అన్నారు. బట్టల తానులు అన్నాను. నమ్మినట్టు లేదు.

ఆ సాయంత్రమే బావగారు మీ మరిది మంచం పక్కన నిలబడి, ఒకటో తారీఖు నుంచి నా పడక ఇక్కడే, ముందు గదిలో వేసుకుంటాను, అవసరానికి దగ్గర్లో ఉండాలిగా అన్నారు. అడగలేదు, చెప్పారు. మీ మరిది నోరు మెదపలేదు. ఒకటో తారీఖుకు నాలుగు వారాలుంది. వారానికి రెండున్నర చొప్పున వేసి చూడు, అరవై దాటను. ఒకేసారి పెంచమని కోచమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. నడుము విరిగితే అప్పుడు మంచాలు రెండవుతాయి అంది.

ఇంకో సంగతి రాయాలంటే చెయ్యి రావడం లేదు. మీ మరిది కరిగిపోతున్నారు. నెలనెలా ఆస్పత్రిలో కుర్చీతో సహా తూస్తారు. మొదట డెబ్బై రెండు, తర్వాత అరవై ఏడు, మొన్న అరవై మూడు. పరీక్షలన్నీ చేశారు, ఏ రోగమూ కనిపించలేదు. ప్లేటు నిండా పెట్టి షాపుకు వెళతాను, వచ్చేసరికి ఖాళీగానే ఉంటుంది. తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఆయన కిటికీ దగ్గర చేరే పావురాలు మాత్రం ఎగరలేనంతగా బలిశాయి, ఇంట్లో మూడు పూటలా సుఖంగా ఉన్నవి అవే.

అరవై మూడు అని నర్సు చెప్పగానే నా మనసులో ఏమనిపించిందో తెలుసా? ఇంకో మూడు తగ్గితే చాలు అనిపించింది. కట్టుకున్నవాడు కళ్ళెదుట చిక్కి శల్యమవుతుంటే లెక్క వేసుకున్నాను. పాపిష్టిదాన్ని. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

నీ
పిచ్చుక


ఒకటో తారీఖు

అక్కా,

ఈసారి ఇంట్లోంచే రాస్తున్నాను.

నిన్న బావగారు పనికి వెళ్ళాక తలుపుకు లోపలి వైపు కొత్త గడియ వేయించాను. నిన్న మధ్యాహ్నం సంచి బరువు అరవై. మా ఆయన బరువు ఎంతో నాకు తెలియదు. పొద్దున ఆరింటికి రోజూలాగే మెట్ల మీద అడుగులు వినిపించాయి. బావగారి దగ్గరున్న తాళంచెవి తిరిగింది. తలుపు కదల్లేదు. మళ్ళీ తిప్పారు. నన్ను పిలిచారు.

మంచం పక్కన కూర్చుని ఆయన వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి పెట్టాను. చెమటకు అరచేతులు జారుతున్నాయి. ఇసుక సంచికి ఊపిరి ఉండదు అక్కా, అదే తేడా. పడేస్తానేమోనన్న భయంతో బిగుసుకుపోయాను. అప్పుడు ఆయన రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, చెవిలో మెల్లగా అన్నారు.

"నడుముతో కాదు, కాళ్ళతో లే."

లేచాను. బయట బావగారు తలుపు బాదుతున్నారు. ఒకటి, రెండు, మూడు అని ఆయనే లెక్కపెట్టారు. పదకొండో అడుగున లోపల స్టూలు మీద కూర్చోబెట్టి, నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. కోచమ్మ మాట మీకెలా తెలుసని అడిగాను.

"మందుల డబ్బా కింద దాస్తే నేను కాక ఎవరు చూస్తారు?" అన్నారు. "నడుము కింద పోయింది గానీ చెవులు పోలేదు. నన్నిక్కడ కూర్చోబెట్టి ఆ గదిలో వాడన్న ప్రతి మాటా విన్నాను. నోరెత్తితే వాడు రావడం మానేస్తాడు, మళ్ళీ నువ్వే వెళ్ళి పిలవాల్సొస్తుంది. నువ్వు అరవై దాటలేవని పుస్తకంలో లెక్క చూశాను. నువ్వు పెంచుకుంటూ వస్తున్నావు, నేను తగ్గించుకుంటూ వచ్చాను."

నాకు పావురాలు గుర్తొచ్చాయి. ప్లేటులో సగం రోజూ ఆ కిటికీలోంచి వాటికి వెళ్ళింది. ఆయన ఒళ్ళో తలపెట్టి బావురుమన్నాను. చచ్చిపోతే ఏం చేసేదాన్నని తిట్టాను కూడా.

తలుపు చప్పుడు ఆగింది. "ఎన్నాళ్ళు మోస్తావో నేనూ చూస్తాను" అన్నారు బావగారు బయటి నుంచి, ఏమాత్రం గొంతు పెంచకుండా. అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు. రెండేళ్ళలో మొదటిసారి మీ మరిది గట్టిగా మాట్లాడారు.

"అన్నయ్యా, ఇక రావద్దు."

అడుగులు కిందికి దిగలేదు. చాలాసేపు మనిషి అక్కడే ఉన్నట్టు తలుపు కింది సందులో నీడ కనిపిస్తూనే ఉంది. తర్వాత కనిపించలేదు. కోచమ్మకు కబురు పెట్టాను. తన దగ్గర నేర్చుకునేవాళ్ళను ఇద్దర్ని వెంటబెట్టుకుని సాయంత్రం వస్తానంది, పోలీస్ స్టేషన్‌కూ తోడు వస్తానంది. నువ్వూ బయలుదేరు. రాగానే కింద ఆగకు, తిన్నగా పైకి వచ్చి నా పేరు పెట్టి పిలువు. నీ గొంతు వింటేగానీ గడియ తియ్యను.

ఇప్పుడే ఆయన ముందు ప్లేటు నిండా పెట్టి, కిటికీ మూసేసి, ఎదురుగా కూర్చున్నాను. పావురాలు అద్దం మీద ముక్కులతో కొడుతున్నాయి. ఇలా తింటే మళ్ళీ డెబ్బై రెండు అవుతాను, ఆలోచించుకో అన్నారు. తినండి అన్నాను. తింటున్నారు. కింద బావగారి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆయన ఒక్క క్షణం ఆగి నా వైపు చూసి, మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

రేపు సంచిలో ఇంకో రెండున్నర కిలోల ఇసుక పోయమని కోచమ్మకు చెప్పాలి.

నీ
పిచ్చుక