సల్లగున్న ముల్లు

కురవి, జనవరి 1979

నిరంజన్ సేటుకు, మీ లారీ డ్రైవర్ దండం పెట్టి రాసేది.

ఇంజన్ వేడి చూపే ముల్లును సూడకుంట బండి తోలినవ్, కండ్లు లేవా, పని మానేయ్ అని కార్డు రాసిండ్రు. సంతోషం.

మొన్న మానుకోటల పొద్దుగాల సలికి బండి స్టార్ట్ అయితలేదు, ఇంజన్ను ముందుగాల ఎచ్చజేసే హీటర్ కాలిపోయింది అని మీకు చెప్పిన. గుడ్డను డీజిల్ల తడిపి, ఇంజన్ గాలి పీల్చే మూతి కాడ మంట పెట్టుమని మీరే అన్నరు. నా సగం మీసం పోయింది గని బండైతే లేసింది.

లోడు మీద ముల్లు లేసినప్పుడల్ల ఆపి నీళ్లు పోస్తున్ననని దాని వైరు గూడ మీరే పీకించిండ్రు. "ఇగ ముల్లు లేవది, నువ్వు ఆగవు" అని నవ్విండ్రు. నిజమే, నేను ఆగలే. కురవి కాడ ఇంజనే పొగలు కక్కి ఆగింది.

మీరు రాసినట్టే ఇప్పుడు కండ్లు పెద్దగ జేసుకొని సూస్తున్న సేటూ. ఇంజన్ లోపల బిగుసుకొని పట్టేసింది. ముల్లు ఇంకా సల్లగనే ఉన్నది.